స్పిరూ వారపత్రిక: 1938 నుంచి నేటిదాకా – చరిత్ర, సంచిక సంఖ్యల లెక్క, పాత కాపీల పరీక్ష

సిరాచుక్క

స్మర్ఫులు, లక్కీ లూక్, మార్సుపిలామి. వీటిని మన పిల్లలు టీవీలో చూశారు, పెద్దవాళ్లు ఇంగ్లీషు ఆల్బమ్‌లలో (కథ మొత్తం ఒకచోట కలిపి వేసిన బొమ్మల పుస్తకాల్లో) చదివారు. పొరుగున శివకాశి నుంచి లక్కీ లూక్ తమిళంలో కూడా వచ్చింది. ఈ మూడూ ఒకే ఫ్రెంచి భాషా వారపత్రికలో పెరిగినవని మాత్రం చాలామందికి తెలియదు. ఆ పత్రిక పేరు స్పిరూ. ఇప్పటికీ వారం వారం వస్తోంది.

ఈ దారంలో దాని చరిత్రను తేదీలతో సహా ఒకచోట పెడదాం. దాంతోపాటు పాత సంచికలు కొనేవాళ్లకు పనికొచ్చే సంగతులూ రాయండి: ఏ సంచిక ఏ తేదీది, లోపల ఏముండాలి, ఏది చిరిగిపోయి ఉంటుంది. "గొప్ప పత్రిక" అని ఒక్క ముక్క రాసి పోవద్దు, దయచేసి.

పాతకాగితం

మొదలు నేను పెడతాను.

పత్రిక పుట్టింది పారిస్‌లో కాదు, బెల్జియంలో. బొగ్గు గనుల ఊరు షార్లెరువాను ఆనుకుని ఉన్న మార్సినెల్‌లో. అక్కడ జాఁ ద్యుపుయ్ అనే ముద్రాపకుడు 1898లో చిన్న ప్రెస్ పెట్టాడు. 1922లో ఆడవాళ్ల వారపత్రిక 'బాన్ స్వారే', 1924లో 'లె ముస్తిక్' మొదలుపెట్టాడు. ప్రెస్ సొంతం, పంపిణీ సొంతం, రెండు వారపత్రికలు నడిపిన అనుభవం ఉంది. మిగిలింది పిల్లల పత్రికే. స్పిరూ మొదటి సంచిక 1938 ఏప్రిల్ 21, గురువారం నాడు వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో 'రాబెడూస్' పేరుతో డచ్చి కూర్పు కూడా మొదలైంది. రెండు భాషల బెల్జియంలో బొమ్మల ఫారం ఒకటే, మాటల బుడగల్లో అక్షరాలు మారిస్తే చాలు. డచ్చి కూర్పు 2005 దాకా నడిచింది.

పత్రిక పేరే హీరో పేరు కూడా. ఎర్ర యూనిఫారం వేసుకున్న హోటల్ కుర్రాడు. ఇతన్ని గీసినవాడు రోబ్-వెల్; ఓడల్లో స్టీవార్డుగా పనిచేసినవాడు కాబట్టి ఆ వేషం కొత్త కాదు. మొదటి పేజీలో హోటల్ యజమానికి మంచి కుర్రాడు దొరకడు. చిత్రకారుడు కాన్వాసు మీద ఒకణ్ని గీసి దాని మీద సారాయి చల్లుతాడు. బొమ్మ లేచి నిలబడుతుంది. ఆ హోటల్ పేరు 'ముస్తిక్'. సొంత పత్రికకు సొంత పత్రికలోనే ప్రకటన అన్నమాట. వ్యాపారం తెలిసిన ఇల్లు.

'టిఫ్ ఏ తోందు' అనే బొమ్మల ధారావాహిక కూడా మొదటి సంచికలోనే మొదలైంది. దాన్ని గీసింది ఫెర్నాఁ దినూర్. మిగతా పేజీల్లో అమెరికా నుంచి తెచ్చిన సరుకు ఉండేది.

చందమామపిచ్చి

ప్రెస్ ఉన్నవాడే పత్రిక పెట్టడం మనకూ తెలిసిన కథే కదండీ. 1947 జూలైలో చందమామ మద్రాసులో అలాగే వచ్చింది. తేడా ఏమిటంటే మనది మాసపత్రిక, అది వారపత్రిక. వారానికొకసారి రంగుల బొమ్మల పత్రిక తేవడం వేరే పని.

ఒక సందేహం. ఫ్రెంచిలో ఇంతకన్నా పాత పిల్లల వారపత్రిక లేదా?

పాతకాగితం

ఉంది. 'మికీ పత్రిక' 1934 అక్టోబరులో పారిస్‌లో మొదలైంది, ఇంకా వస్తోంది. కానీ 1944 నుంచి 1952 దాకా ఆగింది. పైగా దాని ముఖ్యమైన సరుకు అమెరికా నుంచి వచ్చింది. సొంతంగా బొమ్మలవాళ్లను తయారుచేసిన పత్రికల్లో స్పిరూకి సాటి చెప్పాలంటే టిన్‌టిన్ పత్రికను, కొంతవరకు పిలోత్‌ను చెప్పాలి. ఆ రెండూ ఇప్పుడు లేవు.

యుద్ధకాలం

రెండో ప్రపంచ యుద్ధం సంగతి రాయకపోతే ఈ పత్రిక అర్థం కాదు. అందుకే కొంచెం నిదానంగా రాస్తున్నాను.

యుద్ధం మొదలయ్యాక రోబ్-వెల్‌ను సైన్యంలోకి పిలిచారు. కొంతకాలం అతని భార్య బ్లాన్ష్ ద్యుమూలాఁ, దావీన్ అనే కలం పేరుతో, లుక్ లఫ్నే సాయంతో ఆ పేజీలు నడిపింది. ఆ తర్వాత జిజే (అసలు పేరు జోసెఫ్ జిలాఁ) చేతికి వచ్చాయి. అమెరికా నుంచి పేజీలు రావడం ఆగిపోయినప్పుడు సూపర్‌మాన్, రెడ్ రైడర్ కథలు మధ్యలో నిలిచాయి. వాటిని కూడా జిజేనే గీసి ముగించాడు. ఒకే సంచికలో ఒకే మనిషి మూడు నాలుగు పేజీలను వేర్వేరు తీరుల్లో గీయాల్సి వచ్చింది. యుద్ధం తర్వాత పిల్లకాయల్ని ఇంట్లో పెట్టుకుని పని నేర్పగలిగాడంటే ఈ సాధనే కారణమని నా అభిప్రాయం.

1943లో ద్యుపుయ్ సంస్థ రోబ్-వెల్ దగ్గర స్పిరూ పాత్ర హక్కులు కొనేసింది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పత్రిక బతుకంతా దీని మీదే నిలబడింది. పాత్ర సంస్థది, గీసేవాళ్లు వస్తారు, పోతారు. టిన్‌టిన్‌ను ఎర్జే తప్ప మరొకరు గీయలేకపోయారు. స్పిరూను జిజే, ఫ్రాంకాఁ, ఫూర్నియే, తోమ్-జాన్రీ ఇలా ఒకరి తర్వాత ఒకరు గీస్తూ పోయారు.

బెల్జియాన్ని ఆక్రమించిన జర్మన్లు పత్రిక మీద పెట్టబోయిన అధికారిని ద్యుపుయ్‌లు ఒప్పుకోలేదు. దాంతో 1943 సెప్టెంబరు 2 సంచికతో పత్రిక ఆగింది. మళ్లీ వచ్చింది 1944 అక్టోబరు 5న, బెల్జియం విముక్తి తర్వాత. మధ్యకాలంలో పాఠకులు చెదిరిపోకుండా ఒక ఆల్బమ్, ఒక పంచాంగం తరహా పుస్తకం తెచ్చారు.

మొదటి సంపాదకుడు జాఁ ద్వాజీ. 'స్పిరూ మిత్రులు' అనే పిల్లల సంఘం ఆయన నడిపిందే. సభ్యులకు నియమావళి, రహస్య లిపి అన్నీ ఉండేవి. ఆయన స్వయంగా ప్రతిఘటన ఉద్యమంలో ఉన్నవాడు. స్పిరూ స్నేహితుడు ఫాంతాజియో పాత్ర కూడా మొదట ఆయన రాసిన శీర్షికలోనే పుట్టింది. బొమ్మల కథలోకి తెచ్చింది జిజే.

లెక్కలమాస్టారు

యుద్ధకాలం గారు చెప్పిన ఆ విరామం సంచిక సంఖ్యల్లో ఒక వింత మిగిల్చింది. కొనేవాళ్లకు చాలా పనికొస్తుంది, రాసిపెట్టుకోండి.

సూత్రం: సంచిక సంఖ్యలోంచి 1 తీసేయండి, 7తో గుణించండి, వచ్చిన రోజులను 1938 ఏప్రిల్ 21కి కలపండి. అదే ఆ సంచిక తేదీ. ఎక్సెల్‌లో ఒక గడిలో 1938 ఏప్రిల్ 21 అని తేదీ కొట్టి, పక్క గడిలో దానికి (సంఖ్య−1)×7 కలిపితే సరిపోతుంది. లీపు సంవత్సరాలు అదే చూసుకుంటుంది.

పరీక్షించి చూద్దాం. మార్సుపిలామి మొదటిసారి కనిపించింది 720వ సంచికలో. 719×7 = 5033 రోజులు. 1952 జనవరి 31 వస్తుంది. సరిపోయింది. గాస్తోన్ అనే హాస్యపాత్ర వచ్చింది 985లో: 984×7 = 6888 రోజులు, 1957 ఫిబ్రవరి 28. సరిపోయింది. స్మర్ఫులు మొదట కనిపించిన 1071: 1958 అక్టోబరు 23. అదీ సరే. 4000వ సంచికకు లెక్క ప్రకారం 2014 డిసెంబరు 11, గురువారం వస్తుంది. అసలు తేదీ డిసెంబరు 10. ఈలోగా పత్రిక వెలువడే రోజు గురువారం నుంచి బుధవారానికి మారింది, ఒక్క రోజు తేడా అదే.

ఇప్పుడు వింత చూడండి. 1943 సెప్టెంబరు 2 నుంచి 1944 అక్టోబరు 5కి 399 రోజులు, అంటే 57 వారాలు. మధ్యలో 56 గురువారాలు పత్రికే లేదు. అయినా 1952 నాటి 720, 1938 నుంచి ఒక్క వారం కూడా తప్పకుండా లెక్కపెడితే వచ్చే సంఖ్య! అంటే యుద్ధం తర్వాతి వరుస సంఖ్యల్లో అచ్చుకాని వారాలు కూడా కలిసిపోయాయి. నా సూత్రం ప్రకారం 282 నుంచి 337 దాకా సంఖ్యలకు పత్రిక ఉండదు. 4000వ సంచిక అని పండగ చేసుకున్నప్పుడు నిజానికి అచ్చయినవి నాలుగు వేలు కాలేదన్నమాట. ఎవరైనా "1 నుంచి 1000 దాకా పూర్తి సెట్టు, ఒక్కటీ పోలేదు" అని అమ్మకానికి పెడితే, కట్ట లెక్కపెట్టమనండి.

జాగ్రత్త: యుద్ధకాలపు సంచికలకు ఈ సూత్రం వాడొద్దు. వాటికి ముఖచిత్రం మీది తేదీనే నమ్మండి. 1946 నడిమి నుంచి సూత్రం దిట్టంగా పనిచేస్తుంది.

హైదరాబాదీ_బేడే

మాస్టారూ, జబర్దస్త్ లెక్క. ఒకటి అడుగుతా. స్మర్ఫులు 1958ల వచ్చినయంటున్రు కదా, మరి "మొదటి స్మర్ఫ్ కథ 1959" అని కొందరు రాస్తరు. ఏది నిజం?

పాతకాగితం

రెండూ నిజమే. 1958 అక్టోబరు 23న స్మర్ఫులు కనిపించింది పేయో గీస్తున్న 'జొవాఁ, పిర్లుయి' ధారావాహికలో, పక్క పాత్రలుగా. వాళ్లకంటూ సొంత కథ వచ్చింది 1107వ సంచికలో, 1959 జూలై 2న, చేతిలో పట్టేంత చిన్న పుస్తకంగా. ఆ చిన్న పుస్తకాలనే 'మినీ-రేసీ' అంటారు. దాని గురించి ప్రెస్ రమణ గారు రాస్తే బాగుంటుంది.

ప్రెస్ రమణ

రాస్తానండి. ఇది అచ్చు పని తెలిసినవాళ్లకు ముచ్చట గొలిపే వ్యవహారం.

1959లో సంపాదకుడు ఇవాఁ దెల్పోర్త్ (1955 నుంచి 1968 దాకా ఈయనే) పత్రిక నడిమి షీటును పిల్లలకు వదిలేశాడు. నడిమి పిన్నులు లేపి ఆ షీటు బయటికి తీసి, మడిచి, పిన్ను కొట్టి, అంచులు కోస్తే చిన్న పుస్తకం తయారు. బోల్ ఏ బిల్ అనే జోకుల వరస కూడా అదే ఏడాది డిసెంబరులో ఇలాంటి పుస్తకంగానే పుట్టింది. మినీ-రేసీ పదిహేనేళ్లకు పైగా నడిచిన శీర్షిక.

లెక్క ఇది. నడిమి షీటు అంటే పత్రిక పేజీలు నాలుగు: ముందువైపు రెండు, వెనకవైపు రెండు. ఒక్కో పేజీని 8 గళ్లు చేస్తే మొత్తం 32 చిన్న పేజీలు. పేజీ మన ఏ4 అనుకుంటే ఒక్కో గడి సుమారు 10.5 × 7.4 సెంటీమీటర్లు. పేజీల సంఖ్య అన్నిట్లో ఒకటి కాదు, నేను 32కి చెబుతున్నాను.

ఇంట్లో ఫోటోకాపీతో చేసుకునేవాళ్లు షీటును నాలుగుసార్లు మడవడానికి చూస్తారు. నాలుగో మడతకు కాగితం లోపల ముడతలు పడుతుంది, అంచులు కలవవు. ప్రెస్సులో కూడా మందపు కాగితానికి మూడు మడతలు దాటనివ్వరు. అందుకే షీటును ముందే రెండేసి గళ్ల ముక్కలుగా కోసుకోవడం మేలు. ముక్కలు ఎనిమిది వస్తాయి, ముక్కకు నాలుగు పేజీలు. ఇప్పుడు వాటిని ఒకదానిలో ఒకటి దూర్చాలి. అన్నిటికన్నా బయటి ముక్క మీద 1, 2, 31, 32 పేజీలుంటాయి. దాని లోపలిదాని మీద 3, 4, 29, 30. అలా వెళ్తే నడిమి ముక్క మీద 15, 16, 17, 18. తప్పు పట్టుకునే గుర్తు: ఒకే ముఖం మీద పక్కపక్కన ఉన్న రెండు పేజీల మొత్తం ఎప్పుడూ 33 రావాలి. 1 పక్కన 32, 2 పక్కన 31. రాకపోతే ముక్కను తప్పుచోట కోశారన్నమాట. పేజీలు ఎన్నున్నా సరే, మొత్తం పేజీలకు ఒకటి కలిపిన సంఖ్యే ఆ జత మొత్తం.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది రెండుచోట్ల. మొదటిది, అంచులు కోశాక పిన్ను కొట్టడం. ముక్కలు జరిగి వరుస పోతుంది. ముందు పిన్ను, తర్వాతే కోత. రెండోది, ఎనిమిది ముక్కలు ఒకదానిలో ఒకటి పెడితే నడిమివి ఒక మిల్లీమీటరు దాకా బయటికి పొడుచుకొస్తాయి. అంచు కోసినప్పుడు వాటి మార్జిన్ అంతమేరకు పోతుంది. బొమ్మ గీత అంచుదాకా ఉంటే అదీ పోతుంది. కొత్తగా చేసేవాళ్లు తెల్ల కాగితంతో డమ్మీ చేసి, పేజీ సంఖ్యలు పెన్సిలుతో వేసుకుని, విప్పి చూసుకుంటే తిప్పలుండవు.

సిరాచుక్క

అంటే ఆ కాలపు సంచికల్లో నడిమి షీటు లేకపోవడం సహజమే కదా. పిల్లలు చెప్పినట్టే చేశారు మరి.

బైండుదారం

సరిగ్గా అదే చిక్కు. 1959 నుంచి 1970ల నడిమి దాకా సంచికలు విడిగా కొనేటప్పుడు మొదట చూడాల్సింది నడిమి షీటే. పిన్నులు లేచి మళ్లీ నొక్కినట్టుంటే అనుమానించండి. నడిమి పేజీలు తెరిచి పేజీ సంఖ్యలు చూడండి. మినీ-రేసీ షీటుకు సాధారణ పేజీ సంఖ్య లేకపోతే "ఏదీ పోలేదు" అనిపిస్తుంది, అందుకే సంఖ్యల వరుసను మాత్రమే నమ్ముకోవద్దు. ఆ సంచికలో ఏ మినీ-రేసీ ఉండాలో జాబితా పెట్టుకుని చూడాలి. తయారుచేసిన చిన్న పుస్తకం విడిగా ఇస్తే అది తక్కువేమీ కాదు. కోసిన అంచు శుభ్రంగా ఉందా, అన్ని పేజీలూ ఉన్నాయా చూసుకోండి.

పేయో మినీ-రేసీలకు ఇంకో విలువ ఉంది. తర్వాత ఆల్బమ్‌ల కోసం వాటిని ఆయన మామూలు పేజీ కొలతకు మళ్లీ గీశాడు. ఆల్బమ్‌లో ఉన్నది వేరే గీత. 'నల్ల స్మర్ఫుల' మొదటి రూపం చూడాలంటే ఆ చిన్న షీటే ఆధారం. (అమెరికన్ టీవీకి వెళ్లేసరికి నల్లవాళ్లు ఊదారంగువాళ్లయ్యారు. తర్వాత వచ్చిన అమెరికన్ ఆల్బమ్‌లోనూ ఊదారంగే.)

విడి సంచికలు కాక ప్రచురణకర్తల బైండ్లు కూడా దొరుకుతాయి. అమ్ముడుపోక తిరిగొచ్చిన కాపీలను పదీ పన్నెండు చొప్పున కలిపి అట్టబైండు వేసి మళ్లీ అమ్మేవారు. అవి పిల్లల చేతుల్లో పడని కాపీలు కాబట్టి లోపల శుభ్రంగా ఉంటాయి. లోటు ఏమిటంటే బైండింగు కోతలో మూడువైపులా కొంత మార్జిన్ పోతుంది. ఇళ్లలో వేయించుకున్న బైండ్లలో ముఖచిత్రాలు, ప్రకటనల పేజీలు తీసేసి కుట్టిన కాపీలూ ఉంటాయి. బైండు అనగానే సంబరపడొద్దు. వీపు మీద ప్రచురణకర్త పేరు, వాల్యూము సంఖ్య ఉన్నాయా అడగండి.

మార్జిన్‌లో_బొమ్మ

మార్జిన్ మాట వచ్చింది కాబట్టి. నా దృష్టిలో స్పిరూ చరిత్ర అంటే మార్జిన్ల చరిత్రే.

గాస్తోన్ సంగతి తీసుకోండి. 1957 ఫిబ్రవరి 28 సంచికలో కథ లేదు, జోకు లేదు. బో-టై కట్టుకుని ముస్తాబైన ఒక కుర్రాడు తలుపు తెరుస్తున్న బొమ్మ, అంతే. పేజీల మీద పాదాల గుర్తులు. వారాల తరబడి ఎవరో, ఎందుకొచ్చాడో చెప్పలేదు. ఉద్యోగం లేని హీరో, ఏ కథలోకీ పనికిరాని హీరో అన్నది ఫ్రాంకాఁ ఆలోచన. దెల్పోర్త్ దానికి పత్రిక ఖాళీ జాగాలన్నీ ఇచ్చేశాడు. పేజీ మీద మరక పడితే గాస్తోన్ పని. శీర్షిక తలకిందులైతే గాస్తోన్ పని. అచ్చు తప్పుల నింద మోయడానికి ఒక పాత్రను పెట్టుకున్న పత్రిక ఇంకొకటి నాకు తెలియదు. ఆ తర్వాతే అరపేజీ జోకులు వచ్చాయి, నేపథ్యాలు గీయడానికి జిదేయం తోడయ్యాడు.

గాస్తోన్ పేజీల కాలం పట్టుకోవడానికి ఒక గుర్తు: ఆఫీసులో పైఅధికారి ఫాంతాజియో అయితే పాతవి. ప్రునెల్ అయితే ఫ్రాంకాఁ 'స్పిరూ, ఫాంతాజియో' కథలు వదిలేసిన కాలం నాటివి.

1977లో ఇంకాస్త ముందుకెళ్లారు. 'త్రొంబోన్ ఇలుస్త్రే' అనే అనుబంధం మార్చి 17 నుంచి అక్టోబరు 20 దాకా మొత్తం 30 సంచికలు. ఫ్రాంకాఁ, దెల్పోర్త్ కలిసి నడిపారు. పత్రిక నడుమ దొంగచాటుగా అచ్చవుతున్నట్టు నాటకం. పిల్లల పత్రిక మధ్యలో పెద్దల చేదు హాస్యం, సైన్యం మీద వెటకారం. ఫ్రాంకాఁ 'నల్ల ఊహలు' మొదలైంది ఇక్కడే. అనుబంధం ఆగాక 'ఫ్లూయిద్ గ్లాసియాల్' అనే పెద్దల పత్రికకు వెళ్లింది. కొనేవాళ్లకు: 1977 సంచికల్లో నడిమి అనుబంధం ఉందో లేదో చూసుకోండి, చాలామంది తీసి విడిగా దాచుకున్నారు.

1980ల మొదట్లో యాన్, కొన్‌రాద్ పేజీల పై మార్జిన్‌లో కింద ఉన్న కథలనే వెక్కిరిస్తూ చిన్న బొమ్మలు వేసేవారు. కింది కథలు గీసేవాళ్లకు నచ్చలేదు, శీర్షిక ఆగింది. ఆల్బమ్‌లలో ఇవి ఉండవు. బైండుదారం గారు చెప్పిన కోత ఇక్కడే ప్రమాదం: ఈ కాలపు బైండు కొంటే పై అంచు తెగలేదని ఫోటో అడగండి.

హైదరాబాదీ_బేడే

మార్సుపిలామి సంగతి ఏందన్నా? స్పిరూ పాత ఆల్బమ్‌లల్ల ఉంటది, తర్వాత మాయమైతది.

పాతకాగితం

హక్కులు, తమ్ముడూ. స్పిరూ పాత్ర సంస్థది, మార్సుపిలామి ఫ్రాంకాఁది. 1969 ప్రాంతంలో ఫ్రాంకాఁ స్పిరూ కథలను ఫూర్నియేకి అప్పగించాడు కానీ ఆ జంతువును ఇవ్వలేదు. ఫూర్నియే తొలి కథలో అనుమతితో కనిపించి తర్వాత పోయింది. 1980లలో మార్సు ప్రొడక్షన్స్ అనే వేరే సంస్థ దాన్ని విడిగా నడిపింది. 2013లో ద్యుపుయ్ ఆ సంస్థను కొన్నది, 2016లో మార్సుపిలామి స్పిరూ ఆల్బమ్‌లోకి తిరిగొచ్చింది. దాదాపు నలభై అయిదేళ్ల ఎడబాటుకు కారణం కథ కాదు, కాగితం మీది సంతకం.

యుద్ధకాలం

స్పిరూ–టిన్‌టిన్ పోటీ గురించి కొంత. టిన్‌టిన్ పత్రిక 1946 సెప్టెంబరు 26న బ్రస్సెల్స్‌లో మొదలైంది. అక్కడ కళా దర్శకుడు ఎర్జే. గీత శుభ్రంగా ఉండాలి, మాటల బుడగలు నలుచదరం. మార్సినెల్‌లో బుడగలు గుండ్రం, గీతలో పరుగు, చెమట చుక్కలు, నక్షత్రాలు. ముఖచిత్రం లేకుండా విడి పేజీ చూపించినా ఎక్కడిదో చాలావరకు చెప్పొచ్చు.

1955లో డబ్బు విషయంలో గొడవపడి ఫ్రాంకాఁ టిన్‌టిన్‌తో అయిదేళ్ల ఒప్పందం చేసుకున్నాడు. వెంటనే ద్యుపుయ్‌తో రాజీ కుదిరింది. దాంతో కొన్నేళ్లు రెండు పత్రికలకూ గీశాడు.

అప్పట్లో రెండు పత్రికలకూ ఫ్రాన్స్ మార్కెట్టే ప్రాణం. అక్కడ 1949 జూలై 16 చట్టం: పిల్లల పత్రికలను పరిశీలించే సంఘం, విదేశీ పత్రికల దిగుమతికి అనుమతి. బెల్జియం పత్రికకు అది గొంతు మీద కత్తి. అనుమతి పోతే వ్యాపారం దెబ్బతింటుందన్న భయంతో సంపాదకులే ముందుగా కత్తెర వేసేవారు. ఆడ పాత్రలు కనబడకపోవడానికి ఇదొక పెద్ద కారణం. నతాషా, యోకో త్సునో వంటి నాయికలు వచ్చింది 1970లోనే. లక్కీ లూక్ 'బిల్లీ ద కిడ్' కథలో పసిబిడ్డ బిల్లీ తుపాకి గొట్టం చీకుతున్న బొమ్మను ఆల్బమ్‌లో తీసేశారు. కొరియా యుద్ధం మీది బక్ డానీ ఆల్బమ్‌లను ఫ్రాన్స్‌లోకి రానివ్వలేదు. కాబట్టి పత్రికలో ఉన్న పేజీకీ, ఆల్బమ్‌లో ఉన్న పేజీకీ తేడా ఉంటే అచ్చు తప్పు అనుకోకండి.

చందమామపిచ్చి

మరి టిన్‌టిన్ పత్రిక 1988లో మూతపడితే, పిలోత్ 1974లో మాసపత్రికై 1989లో ఆగితే, ఇది ఎలా బతికింది?

మార్జిన్‌లో_బొమ్మ

నా మాట నేను చెబుతాను, ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. 1970ల నుంచి పాఠకులు వారం వారం రెండు పేజీలు చదవడం మాని ఆల్బమ్ కోసం ఆగడం మొదలుపెట్టారు. పొడుగు సాహసాల మీద ఆధారపడిన పత్రికలకు అది దెబ్బ. స్పిరూలో పేజీ, అరపేజీ జోకులు ఎప్పుడూ బలంగా ఉన్నాయి: గాస్తోన్, బోల్ ఏ బిల్, తర్వాత సెద్రిక్, కిడ్ పాడల్. వాటిని ఆ వారమే చదవాలి.

పాతకాగితం

అది ఒక సగం. ఇంకో సగం యాజమాన్యం. 1985లో ద్యుపుయ్ కుటుంబం సంస్థను అమ్మేసింది. కొన్నవాళ్లలో బెల్జియం పెట్టుబడి సంస్థ, ఫ్రాన్స్‌కు చెందిన హాషెత్ ఉన్నాయి. 2004లో మీడియా పార్టిసిపేషన్స్ చేతికి వచ్చింది. టిన్‌టిన్ పత్రికను నడిపిన లొంబార్, పిలోత్ తెచ్చిన దార్గో కూడా అప్పటికే ఆ గూటిలోనివే. మూడు పత్రికల ఇళ్లూ ఒకే యజమాని కిందికొచ్చాయి, వారపత్రికగా మిగిలింది ఒక్కటే. ఆల్బమ్‌ల వ్యాపారానికి వారపత్రిక కొత్తవాళ్లను పరీక్షించే గది. ఇదివరకు ఆ పని 1951లో మొదలైన 'పాల్ మామయ్య మంచి కథలు' చేసేవి: నాలుగు పేజీల నిజకథ, చేయి తిరగని కుర్రాళ్లకు ఇచ్చేవారు. ఎర్మన్, జాఁ గ్రాతోన్ అక్కడ పని నేర్చినవాళ్లే.

బైండుదారం

దాచుకోవడం గురించి రెండు మాటలు, ముఖ్యంగా విశాఖ, కాకినాడ వైపు ఉన్నవాళ్లకు. తేమకు మొదట పోయేది కాగితం కాదు, ఇనుప పిన్ను. తుప్పు కాగితంలోకి దిగి నడిమి షీటు తనంతట ఊడిపోతుంది. పిన్ను తీయాలంటే సంచికను నడిమికి తెరిచి బల్ల మీద పరచండి. లోపలివైపున్న పిన్ను కాళ్లను మొండి చాకుతో నిలువుగా లేపండి. కాగితానికీ చాకుకూ మధ్య పలచని ప్లాస్టిక్ ముక్క పెట్టండి. తర్వాత తిరగేసి బయటివైపు నుంచి వీపును పైకి లేపండి. ఒక కాలు పట్టుకుని లాగితే చిల్లు చీలుతుంది. మళ్లీ పిన్ను కొట్టొద్దు. అవే చిల్లుల్లోంచి నూలుదారం వేసి వదులుగా ముడి వేస్తే చాలు. సెల్లోటేపు మాత్రం దగ్గరికి రానివ్వకండి, పదేళ్లలో దాని జిగురు గోధుమరంగు మరకై అవతలి పేజీకి కూడా ఎక్కుతుంది.

వేదిక నిర్వాహకులు

స్కాన్లు ఎక్కించవద్దు. ఐరోపాలో రచయిత చనిపోయాక 70 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. ఫ్రాంకాఁ మరణించింది 1997లో, కాబట్టి ఆయన పేజీలకు 2067 ముగిసేదాకా రక్షణ ఉంది. సంచిక గుర్తించడానికి ముఖచిత్రం చిన్న ఫోటో పెడితే సరిపోతుంది.

హైదరాబాదీ_బేడే

ఆఖరి ప్రశ్న. ఒకాయన 1946 నాటి సంచిక అమ్ముతుండు, 'ఫ్రాంకాఁ మొదటి స్పిరూ పేజీ' అంటుండు. ఎట్ల చూడాలె?

లెక్కలమాస్టారు

సంఖ్య 427 ఉండాలి. 426×7 = 2982 రోజులు, అంటే 1946 జూన్ 20. మా సూత్రానికి ఇదీ సరిపోతుంది.

పాతకాగితం

సంఖ్యతోపాటు కథ చూడండి: 'ముందే కట్టిన ఇల్లు'. దీన్ని మొదలుపెట్టింది జిజే. కొన్ని పేజీలయ్యాక మధ్యలో ఫ్రాంకాఁకి వదిలేశాడు. కాబట్టి కథ మొదటి పేజీ ఉన్న సంచిక చూపించి "ఫ్రాంకాఁ మొదటిది" అంటే అది జిజే పేజీ. అమ్మే ఆయన్ని ముఖచిత్రం మీది తేదీ, లోపలి స్పిరూ పేజీ, నడిమి పిన్నులు – ఈ మూడింటి ఫోటోలు అడుగు. మూడూ పంపకపోతే డబ్బు కట్టకు.